పరశురాములు మూసిన గవాచీలు

పరశురాములుకు గాలి సంగతి తెలియదని ఎవరైనా అంటే రంగపేటలో ఒకప్పుడు అందరూ నవ్వేవాళ్ళు. ఇరవై ఏళ్ళకు కాస్త తక్కువగా దోహాలో ఆయన చేసిన పని అదే మరి. పెద్ద పెద్ద హోటళ్ళలో, ఆస్పత్రుల్లో సీలింగు పైన రేకు గొట్టాలు బిగించి, చల్లగాలిని గది గదికీ పంపేవాడు. హెల్పర్‌గా పోయి ఫోర్‌మన్ అయ్యాడు. సెలవు మీద ఊరికి వచ్చినప్పుడల్లా కోరుట్ల రోడ్డు మీది టీ హోటల్లో కాలు మీద కాలేసుకుని కూర్చుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పాఠం చెప్పేవాడు.

"గాలంటే ఏందనుకున్నరు? నీళ్ళ లెక్కనే. ఒక దిక్కు నుంచి వచ్చెతందుకు తొవ్వియ్యాలె, ఇంకో దిక్కు నుంచి పోయెతందుకు తొవ్వియ్యాలె. రెండిట్ల ఒక్కటి లేకున్నా గాడనే నిలవడ్తది."

విన్నవాళ్ళు టీ చల్లారిపోయేదాకా తలలూపేవారు. అలాంటి మనిషి తన సొంత ఇంటికొచ్చేసరికి గాలికి సూది దూరేంత సందు కూడా మిగల్చలేదు. బాగా తెలిసినవాళ్ళు చేసే తప్పులు అలాగే ఉంటాయి, చాలా శ్రద్ధగా, చాలా గట్టిగా చేస్తారు.

ఆ తప్పు సంగతి చెప్పేముందు జమున సంగతి చెప్పాలి. జమున ఆయన భార్య. పెళ్ళి కాకముందు నుంచీ బీడీలు చేస్తుంది. ఆ వాడలో ఆడవాళ్ళందరిదీ అదే పని. తునికాకు తడిపి, తడి గోనెసంచిలో చుట్టిపెట్టి, మెత్తబడ్డాక కత్తెరతో అచ్చు ప్రకారం కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి చుట్టి దారం కట్టడం. ఒంటరిగా కూర్చుంటే నడుము లాగుతుంది, పొద్దు పోదు. అందుకని నలుగురైదుగురు ఒకచోట చేరి, ఒళ్ళో చాటలు పెట్టుకుని, చేతులు చేతుల పని చేస్తుంటే నోళ్ళు నోళ్ళ పని చేస్తాయి. అన్నేళ్ళుగా వాళ్ళు చేరేది జమున ఇంట్లోనే. పరశురాములు తండ్రి అంతయ్య కట్టిన గూన పెంకుల ఇల్లు అది. మట్టిగోడలు, ఎత్తు కొప్పు, ముందు పెద్ద అర్ర, అంటే గది.

ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి. బీడీలు చేసేచోట ఫ్యాను తిప్పరు. తిప్పితే చాటలో తంబాకు లేచి కళ్ళలో పడుతుంది, మెత్తబడ్డ ఆకు ఎండి పటపటమని విరుగుతుంది. నడి ఎండాకాలంలోనైనా ఫ్యాను బందే. ఇల్లే చల్లగా ఉండాలి.

ఇక పరశురాములు దోహాలో ఉన్నన్నాళ్ళూ ఆయనకు ప్రతి శుక్రవారం పండుగే. ఆ రోజు పని ఉండదు. పొద్దున్నే బట్టలు ఉతుక్కుని, క్యాంపు గదిలో పై మంచం ఎక్కి, ఇంటికి ఫోన్ చేసేవాడు. జమునకు రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా, ఫోన్‌ను చాట పక్కన పెట్టి స్పీకర్ వేసేది. భార్యాభర్తల మాటలు ఎంతసేపు! తిన్నవా, తిన్న, పైసలందినయా, అందినయ్. ఆ తరువాత జమున తన పనిలో పడేది, ఫోన్ పెట్టేయడం మరిచిపోయేది. ఆడవాళ్ళు కూడా ఫోన్ సంగతి మరిచిపోయేవాళ్ళు. కత్తెరల చప్పుడు, నవ్వులు, ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదీ, ఎవరి బర్రె ఎవరి చేను మేసిందీ, అన్నీ సముద్రం దాటి ఆ చిన్న గదిలోకి వచ్చేవి. పరశురాములు ఫోన్‌ను గుండె మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

కింది మంచం సదానందానిది. నిర్మల్ అవతల ఖానాపూర్ మనిషి, పరశురాములు దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆదిలాబాద్ అలవాటు కొద్దీ ఆయన్ని 'భావూ' అని, అంటే అన్నా అని, మరాఠీ పిలుపు పిలిచేవాడు. ఆ మాటలు వినడానికి మొదట్లో మొహమాటపడ్డాడు కానీ తరువాత తరువాత శుక్రవారం వస్తే పరశురాములు కంటే ముందు అతనే తయారయ్యేవాడు.

"భావూ, జర సౌండ్ పెంచు. గా రోజారాణి బర్రె తప్పిపోయిందన్నరు గదా పోయిన వారం, దొర్కిందా లేదా?"

రోజారాణి ఎవరో, ఆ బర్రె ఏ రంగుదో సదానందం ఎన్నడూ చూడలేదు. అయినా దాని గురించి వారమంతా ఇద్దరూ బాధపడ్డారు.

అందుకే పరశురాములు శాశ్వతంగా ఇంటికి వచ్చేసేటప్పుడు ఆయన మనసులో ఉన్నది ఒక్కటే కోరిక. మధ్యాహ్నం తిని, లోపలి అర్రలో చాప వేసుకుని పడుకుంటే, గోడవతల నుంచి ఆ చప్పుడు వినబడాలి. ఫోన్‌లో కాదు, నిజంగా. అంతకంటే ఆయనకు ఏమీ అక్కర్లేదు. ఆ మాట జమునకు మాత్రం చెప్పలేదు. మన మగవాళ్ళు ఇలాంటివి చెబితే ఎక్కడ చిన్నబోతామో అనుకుంటారు.

వచ్చీ రాగానే ఇంటి పని పట్టుకున్నాడు. మట్టిగోడలు బలంగా ఉన్నాయి కాబట్టి అవి అలాగే ఉంచి, పైకప్పు మార్చాడు. పెంకులు దింపి నీలం రంగు రేకులు వేయించాడు. రేకుల కింద, గది మీద, తెల్లటి పలకలతో ఫాల్ సీలింగు. సీలింగుకూ రేకులకూ మధ్య మనిషి వంగి నడిచేంత అటక మిగిలింది. ముందు అర్రలో ఏసీ. ఇక ఆయన దోహా నుంచి పెట్టెలో భద్రంగా తెచ్చుకున్న వస్తువు ఒకటుంది, సిలికాన్ గన్ను. తుపాకీలా పట్టుకుని నొక్కితే తెల్లటి బంక వచ్చి ఎంతటి సందునైనా మూసేస్తుంది. అక్కడ పద్ధతి అది. ఏసీ గాలి చుక్క కూడా బయటికి పోకూడదు, ఎడారి దుమ్ము రవ్వంత కూడా లోపలికి రాకూడదు. ఆ గన్నుతో పరశురాములు ఇల్లంతా తిరిగాడు.

గోడలు పైకి పోను పోను సన్నబడి కొప్పు కింద మూడు మూలలుగా ముగిసే చోట, తూర్పున ఒకటి, పడమట ఒకటి, అంతయ్య గాలి పోయే రెండు చిన్న కిటికీలు, గవాచీలు, పెట్టి ఉంచాడు. చూరు కింద, గోడకూ కప్పుకూ మధ్య, జానెడు సందు కూడా చుట్టూ ఉండేది. పరశురాములు గవాచీలకు ఇటుకలు పెట్టి సిమెంటు పూశాడు. చూరు సందు నిండా ఫోమ్ కొట్టించాడు. అది చాలదన్నట్టు అంచులకు సిలికాన్.

జమున కింద నిలబడి చూస్తోంది.

"గవెందుకు మూస్తున్నవ్ ప్రణయ్ బాపూ? మామ పెట్టిన గవాచీలు అవి."

వాళ్ళ కొడుకు ప్రణయ్ కరీంనగర్‌లో చదువుకుంటున్నాడు. మొగుణ్ణి జమున ఆ పేరుతోనే పిలుస్తుంది.

"గువ్వలు దూరి గలీజు జేస్తయ్. ఇగ ఏసీ పెట్టినంక పొక్కలుంటే సల్లగాలి ఆగుతదా? నీకు తెల్వదు గని, నువ్వు జర జూడు, బంగ్లా లెక్క జేస్త."

జమున కింద రాలిన సిమెంటు ఊడ్వసాగింది. గాలి పని చేసొచ్చినవాడితో గాలి గురించి ఏం వాదిస్తుంది!

కార్తీకంలో గృహప్రవేశం అయింది. ఊరంతా వచ్చి మెచ్చుకుంది. ఆడవాళ్ళు మళ్ళీ చాటలతో ముందు అర్రలో చేరారు. పరశురాములు లోపల చాప వేసుకున్నాడు. రెండు నెలలు ఆయన బతుకు ఆయన కోరుకున్నట్టే గడిచింది.

సంక్రాంతి ముందటి చలిలో మొదటి చినుకు పడింది. బయట కాదు, ఇంట్లో.

పొద్దున్నే చాట ముందు పెట్టుకుని కూర్చున్న శంకరవ్వ నెత్తి మీద టప్పున పడింది. శంకరవ్వ ఆ గుంపులో పెద్దది. వరసకు పరశురాములుకు అత్త, కాబట్టి అతణ్ణి ఎంత ఆటపట్టించినా ఎవరూ అడ్డం చెప్పరు. తల తడుముకుని పైకి చూసింది. తెల్లటి సీలింగు మీద గోధుమరంగు మరక, రొట్టెంత.

"అల్లుడా! ఓ అల్లుడా! ఊరందరికి బయట వానొస్తది, నీకు ఇంట్ల వానొస్తుందేందిరా! ఇది గిట్ల దోహా మాడలా?"

ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. పరశురాములు నవ్వలేదు. రేకుకు ఎక్కడో సందుందని తీర్మానించి, నిచ్చెన వేసుకుని కప్పెక్కి, ప్రతి మేకు మీదా సిలికాన్ పెట్టాడు. మర్నాడు పొద్దున రెండు మరకలయ్యాయి. మరింత సిలికాన్ పెట్టాడు. మబ్బులేని ఆకాశం కింద ఆ ఇల్లు తెల్లవారుజామున టప్పు టప్పున కారుతూనే ఉంది. ఓ చుక్క జమున తంబాకు చాటలో పడితే అది బూజు పట్టింది. ఆడవాళ్ళు చుక్కలు పడే చోట్లు వదిలి మూలమూలలకు జరిగి కూర్చున్నారు.

చలి పోయి ఎండలు ముదిరాయి. చుక్కలు ఆగిపోయాయని పరశురాములు సంబరపడేలోపు ఉక్క మొదలైంది. పదకొండు దాటితే సీలింగు పలకల నుంచి వేడి దిగి నెత్తి మీద కూర్చునేది. కిటికీలు తెరిచినా లాభం లేదు. కింద గాలి ఆడినా పైనుంచి సెగ వస్తూనే ఉంది. పరశురాములు గొప్పగా ఏసీ వేశాడు. తలుపులన్నీ మూసేసరికి తంబాకు ఘాటు గదిలో సుడి తిరిగింది. ఒకామె తుమ్మింది. ఇంకొకామె అందుకుంది. కాసేపటికి బీడీలు చేసేవాళ్ళెవరూ లేరు, అందరూ తుమ్మేవాళ్ళే. ఆకేమో ఎండి ముట్టుకుంటే ముక్కలవుతోంది. శంకరవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"బంద్ జెయ్ రా అయ్యా నీ ఏసీ! మా కాళ్ళల్ల సలి, నెత్తి మీద మంట. నా ఇల్లు పాతదే గని గాలాడ్తది. పాండ్రి, అందరం మా ఇంటికి పోదాం."

చాటలన్నీ లేచిపోయాయి. జమున చాట కూడా.

ఆ రోజు మధ్యాహ్నం లోపలి అర్రలో పరశురాములు ఒక్కడే పడుకున్నాడు. ఏసీ బుర్రుమంటోంది. గోడవతల ఏమీ లేదు. అన్నేళ్ళు ఎడారిలో ఉన్నప్పుడు కూడా ఆయనకు ఇంత ఒంటరిగా అనిపించలేదు, ఎందుకంటే అక్కడ కనీసం ఫోన్ ఉండేది.

రెండు రోజులు చూసి ఏదో పని ఉన్నట్టు శంకరవ్వ ఇంటికి వెళ్ళాడు. వీధి మలుపు తిరగగానే నవ్వులు వినబడ్డాయి. గడపలో కాలు పెట్టగానే టక్కున ఆగిపోయాయి. కొంగులు సర్దుకున్నారు. కత్తెరలు మాత్రం ఆడుతున్నాయి.

"ఏం గావాలె అల్లుడా?" అంది శంకరవ్వ.

"ఏం లేదత్తా. ఊకెనే వచ్చిన. గీడ జరసేపు కూసుంట."

"నువ్వు మా ముంగట కూసుంటే మేం ముచ్చటెట్ల పెట్టాలె? మొగోని ముంగట జెప్పే ముచ్చట్లా ఇవి? పో, పోయి నీ బంగ్లల పండుకో."

ఆమె అన్నది నిజమే. ఆ మాటలు ఎవరూ వినడం లేదనుకున్నప్పుడే వచ్చేవి. తన ఇంట్లో, గోడ ఇవతల, వాళ్ళు మరిచిపోయిన మనిషిగా ఉంటేనే ఆయనకు దక్కుతాయి. పరశురాములు తలవంచుకుని వచ్చేశాడు.

ఇక శుక్రవారాలు శిక్షలయ్యాయి. ఇప్పుడు ఫోన్ చేసేది సదానందం.

"భావూ, ఫోన్ జర వదినోళ్ళ దగ్గర పెట్టు. చాన దినాలైంది విని."

మొదటి వారం, ఆడవాళ్ళంతా కొండగట్టుకు పోయారని చెప్పాడు. రెండో వారం పెళ్ళికి పోయారన్నాడు. మూడో వారం కార్ఖానా వాళ్ళు ఆకు ఇవ్వలేదన్నాడు. కొత్తింటి గురించి అంత గొప్పలు పోయి, ఫోటోల మీద ఫోటోలు పంపి, ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ కూర్చోవడం లేదని శిష్యుడితో చెప్పడానికి నోరు రాలేదు. సదానందం నెమ్మదిగా అడిగాడు.

"ఏం లొల్లిగిట్ల కాలే గదా భావూ? వదిన మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది" అన్నాడు పరశురాములు.

ఆ సాయంత్రం జమున చాట ఎత్తుకుని ఇంటికొచ్చేసరికి ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు.

"నీకు ఈ ఇల్లు నచ్చలేదా?"

జమున చాట దించి పక్కన కూర్చుంది. చేతులకు తంబాకు వాసన.

"గట్లెందుకంటవ్? నువ్వు గన్నేండ్లు కష్టపడి గట్టిన ఇల్లు నాకెందుకు నచ్చదు? గని నా నెత్తి మీద పొయ్యి పెట్టినట్లున్నదయ్యా. వండుకొని, తిని, బయటవడ్తె పానం లేసొస్తుంది. నిన్నొక్కన్ని ఇడ్సిపెట్టి పోవుడు నాకు ఇష్టమనుకున్నవా?"

"నువ్వొక్కదానివే ఇంట్ల కూసుంటే బీడీలు గావా?"

"నేనొక్కదాన్ని కూసుంటే నీకేం లాభం? నాకు ముచ్చట్లు జెప్పరాదు. నువ్వొచ్చింది శంకరవ్వత్త ముచ్చట్ల కోసమని నాకు తెల్వదా?"

పరశురాములు నోరు తెరిచాడు.

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు జెప్పాలె? ఇరవై ఏండ్ల కెళ్ళి ఫోన్ ఎన్నడన్న నువ్వు పెట్టేసినవా? నేనే మర్చిపోతున్నననుకున్నవా?" అని నవ్వి లేచి లోపలికి పోయింది జమున.

జమున మరిచిపోయి వదిలేస్తోందని తాను అనుకున్న ఫోన్‌ను ఆమె అన్నేళ్ళూ కావాలనే వదిలేసిందన్నమాట. పరశురాములు ఏదో ఒకటి చేయాలి, వానలు రాకముందే చేయాలి అని ఆ పూటే నిర్ణయించుకున్నాడు.

తరువాతి శుక్రవారం నడి మధ్యాహ్నం, చేతిలో ఆ సిలికాన్ గన్నే పట్టుకుని, సీలింగులో వదిలిన చిన్న తలుపు నెట్టి అటక ఎక్కాడు. చలికాలం కారిన సందు ఏదో లోపలి నుంచి వెతికి మూసేద్దామని ఆయన ఆలోచన. తల పెట్టగానే మొహానికి తగిలిన వేడికి ఒక క్షణం కళ్ళు మూతలు పడ్డాయి. ఊపిరి ముక్కులోనే కాలింది. వంగి నాలుగడుగులు వేసేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రేకుల కింద వేసిన చెక్కల మీద నల్లటి బూజు చారలు చారలుగా ఉంది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది, వీడియో కాల్.

తెర మీద సదానందం మొహం. ఇటువైపు నీళ్ళు కారుతున్న పరశురాములు మొహం.

"ఏడున్నవ్ భావూ? హమాంల తానం జేస్తున్నవా?"

ఇక అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. ఉన్నదంతా చెప్పేశాడు. ఇంట్లో కురిసిన వాన, తుమ్ములు, శంకరవ్వ మోకాళ్ళు, లేచిపోయిన చాటలు, కొండగట్టు అబద్ధం, అన్నీ. చెబుతూ ఫోన్‌ను చుట్టూ తిప్పి చూపించాడు. సదానందం మొదట నవ్వాపుకోలేకపోయాడు. తరువాత ఫోన్‌కు దగ్గరగా వచ్చి చూశాడు.

"భావూ, గా మూలకు ఇటుకలున్నయ్, ఏందది?"

"గవాచి ఉండె. మూసేసిన."

"చూరు కాడ తెల్లగ?"

"ఫోమ్. అదిగూడ నేనే."

సదానందం తల గోక్కున్నాడు.

"నేను దోహాకొచ్చిన మొదటి దినం నువ్వు నాకొక మాట జెప్పినవ్, యాదికున్నదా? వచ్చెతందుకు తొవ్వియ్యాలె, పోయెతందుకు తొవ్వియ్యాలె అని. నీ ఇంటి మీద రెండూ లేవు గదనే! పొద్దంత రేకు కాలి గా వేడి ఏడికి పోవాలె? కిందికే దిగుతది."

"మరి వాన? సలికాలంల వానేడికెళ్ళి వచ్చింది?"

అడిగిన నోటితోనే పరశురాములుకు జవాబు తట్టింది. కింద వంటింట్లో అన్నం ఆవిరి, ముందు అర్రలో తడి గోనెసంచుల చెమ్మ, లైట్ల కోసం సీలింగుకు పెట్టిన రంధ్రాల్లోంచి పైకి వచ్చేది. బయటికి దారి లేదు. తెల్లవారుజామున చల్లబడ్డ రేకుకు తగిలి నీరై మళ్ళీ కిందికే పడేది. దోహాలో ఇలా చెమర్చే గొట్టాలు ఎన్ని చూడలేదు! శంకరవ్వ నెత్తి మీద పడింది వాన కాదు, జమున వండిన అన్నం ఆవిరి. తను ఎంత సిలికాన్ పెడితే అంత గట్టిగా ఆ ఆవిరిని ఇంట్లోనే బంధించాడు. ఇదంతా ఆ వేడిలో వంగి నిలబడి ఆలోచించేసరికి పరశురాములుకు నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తరువాత అటక దద్దరిల్లేలా. కింద జమున భయపడి పైకి కేకేసింది.

"ప్రణయ్ బాపూ! ఏమైంది? ఎండ కొట్టిందా?"

"ఏం గాలేదు! సుత్తె ఇయ్యి! సుత్తె!"

ఆ సాయంత్రం ఎండ తగ్గాక నిచ్చెన వేసుకుని, వీధిలో అందరూ చూస్తుండగా, తాను కట్టిన ఇటుకలు తానే పగలగొట్టాడు. చిన్నబోవడం అయితే చిన్నబోయాడు కానీ దాచుకోలేదు. ఏం చేస్తున్నావని అడిగిన ప్రతివాడికీ "తప్పు జేసిన, సక్కజేస్తున్న" అన్నాడు. అంత సూటిగా చెప్పేసరికి ఎగతాళి చేద్దామని వచ్చినవాళ్ళకు ఏమనాలో తోచక ఊడిన ఇటుకలు అందుకుని పక్కన పేర్చి పోయారు.

తూర్పు గవాచి, పడమటి గవాచి రెండూ తెరుచుకున్నాయి. మర్నాడు మధ్యాహ్నం అటక ఎక్కి చూశాడు. వేడి కొద్దిగా తగ్గింది కానీ ఇంకా ఉడుకుతూనే ఉంది. ఊదుబత్తి వెలిగించి పట్టుకున్నాడు. పొగ నిటారుగా లేచి, రేకు కింద మేఘంలా పరుచుకుని, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే నిలిచింది. ఊదుబత్తి పట్టుకుని ఆయన కూడా అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"పోయెతందుకు తొవ్వయింది. వచ్చెతందుకు లేదు" అని తనలో తను అనుకుని, కత్తి తీసుకుని చూరు వెంట పాకుతూ ఫోమ్ కోయడం మొదలుపెట్టాడు. ఉత్తరం చూరు, దక్షిణం చూరు. ముక్కలు ముక్కలుగా అవి వాకిట్లో పడుతుంటే జమున ఊడ్చి కుప్ప పోసింది. ఆఖరి ముక్క ఊడొచ్చాక, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో మళ్ళీ ఊదుబత్తి వెలిగించాడు. పొగ లేచింది. ఒక్క క్షణం ఆగింది. తరువాత మెల్లగా వాలి, కొప్పు వెంబడి జరిగి, పడమటి గవాచిలోంచి బయటికి వెళ్ళిపోయింది.

"ఏమైంది?" కింది నుంచి జమున.

"పోతుంది" అన్నాడు పరశురాములు. "పోతుంది జమునా, పోతుంది!"

తరువాత రెండు రోజులు తన పనితనమంతా చూపించాడు. గువ్వలూ ఉడతలూ దూరకుండా చూరు సందులకూ గవాచీలకూ సన్న జాలీ బిగించాడు. వాన జల్లు లోపలికి కొట్టకుండా గవాచీలకు రేకు పట్టీలు ఏటవాలుగా మడిచి పెట్టాడు. దోహాలో హోటళ్ళకు ఎంత నున్నగా చేసేవాడో అంత నున్నగా చేశాడు. సీలింగులో లైట్ల చుట్టూ ఉన్న రంధ్రాలకు మాత్రం ఆ పాత సిలికాన్ గన్ను తీశాడు. మూయవలసింది అక్కడే, ఆవిరి పైకి ఎక్కకుండా. గన్ను ఇన్నాళ్ళకు సరైన చోట పని చేసింది. జమున పొయ్యి మీది గోడకు కూడా ఒక సందు పెట్టి, ఆవిరి అటక ఎక్కకుండా అటే బయటికి పోయేలా చేశాడు.

ఇల్లు బాగుపడింది. కానీ చాటలు రావాలి కదా. జమున వెళ్ళి చెప్పింది. శంకరవ్వ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. నమ్మితే ఆమె పెద్దరికం ఏం కావాలి? శుక్రవారం నాడు, సరిగ్గా ఎండ మండిపోయే వేళ చూసుకుని, ఒక్కతే చాట పట్టుకుని వచ్చింది. మిగతావాళ్ళు వీధిలో నీడన నిలబడి చూస్తున్నారు. ముందు అర్ర నడుమ కూర్చుంది. పైకి చూసింది. మరకలు ఉన్నాయి కానీ ఎండిపోయాయి. నెత్తి మీద అరచెయ్యి పెట్టి చూసుకుంది. ఒక ఆకు తీసి కత్తిరించింది. ఇంకొకటి కత్తిరించింది.

లోపలి అర్రలో పరశురాములు చాప మీద బిగుసుకుని పడుకుని ఉన్నాడు. ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

"ఏమే, ఎండల నిలవడి ఏం జేస్తున్నరు?" అని వీధివైపు అరిచింది శంకరవ్వ. "లోపటికి రాండ్రి. అల్లునికి అక్కలొచ్చింది, తెలివొచ్చింది."

అడుగుల చప్పుడు. గాజుల చప్పుడు. చాటలు దించిన చప్పుడు. కత్తెరలు ఒకటొకటిగా మొదలయ్యాయి. కాసేపు అందరూ మర్యాదగా ఉన్నారు. తరువాత ఎవరో అంది, రోజారాణి బర్రె మళ్ళీ కట్టు తెంపుకున్నదట. అంతే, నలుగురూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. గోడ ఇవతల మనిషి ఉన్నాడని అందరూ మరిచిపోయారు. జమున తప్ప.

పరశురాములు కళ్ళు మూసుకున్నాడు. కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు, చూసేవాళ్ళెవరూ లేరు కదా.

ఫోన్ మోగీ మోగగానే ఎత్తాడు. సదానందం.

"భావూ, ఏమన్న అయిందా?"

పరశురాములు స్పీకర్ వేసి, ఫోన్‌ను ముందు అర్ర తలుపు పక్కనున్న గూట్లో పెట్టి వచ్చి పడుకున్నాడు. బర్రె ఈసారి సర్పంచ్ పెరట్లో దూరి తోటకూర మేసిందట, తోలుకురాబోతే ఆయన భార్య అన్న మాటలను శంకరవ్వ ఆమె గొంతుతోనే అంటోంది. నవ్వులకు చాటలు కదులుతున్నాయి.

లైను తెగిందేమోనని పరశురాములు లేచి వెళ్ళి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. సన్నగా ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ తరువాత రహస్యంగా సదానందం గొంతు.

"ఫోన్ పెట్టకు భావూ. ఛార్జింగ్ తక్కువున్నది, వైరు పెట్టుకుంట. బర్రె కత అయిపోయేదాక పెట్టకు."